ఇరవై ఇద్దరి సహకారం

“విజ్ఞానానికి గోడలు లేవు! శాస్త్రజ్ఞులలో పెద్దా చిన్నా లేదు! రండి, కలిసి కూర్చుందాం, కలిసి ఆలోచిద్దాం, కలిసి సాధిద్దాం!”

వరంగల్లులో ఒక కళాశాల ముందు ఈ మాటలు రాయించారు. విజ్ఞానానికి లేకపోయినా మాటలకు గోడ కావాలి గనుక, ఉన్న గోడకు కొత్తగా సున్నం కూడా వేయించారు. అది ఎనభై ఆరో సంవత్సరం, దసరా సెలవులు. కళాశాలకు ఆరు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటి ముందు నాలుగు ఊళ్ళ శాస్త్రజ్ఞులు వారం రోజులు కూర్చుని, ఒకరి చిక్కు ఒకరు విప్పుకోవాలని డైరెక్టర్ రాజమల్లు గారి సంకల్పం.

నేను కాజీపేట రైల్వే పార్సిల్ ఆఫీసులో చేసి రిటైరైనవాణ్ణి. కంప్యూటర్‌కూ నాకూ చుట్టరికం లేదు. అయితే ఏటా మా వీధిలో భజన సప్తాహం నడిపిస్తాను. ఏడు రోజులు రాత్రింబగళ్ళు నామం ఆగదు. ఒక ఊరి జట్టు గొంతు అలిసిపోతే పక్క ఊరి జట్టు అదే చరణం అందుకుంటుంది. ఈ సంగతి ఎవరు చెప్పారో, రాజమల్లు గారు నన్ను పిలిపించారు.

“గుండయ్య గారూ, మాది కూడా సప్తాహమే. నామం బదులు రీసెర్చ్, గంతే ఫరక్. వచ్చినోళ్ళకు ఇల్లులెక్క అనిపించాలె. స్వాగతం, భోజనం మీ జిమ్మ.”

దేవుడి పని కాకపోయినా పదిమంది పని. ఒప్పుకున్నాను.

వచ్చినవారు ఇరవై ఇద్దరు. గేటు దగ్గర గంధం పూసి, పన్నీరు చల్లి, చొక్కాకు బిళ్ళ పెట్టాము. పెద్దా చిన్నా లేదు గనుక బిళ్ళలు మూడు రంగులే! ఎరుపు బిళ్ళవారికి తువాలు వేసిన కుర్చీ, పింగాణీ కప్పులో టీ. నీలం బిళ్ళవారికి ఉత్త కుర్చీ, గాజు గ్లాసు. తెల్ల బిళ్ళవారికి బెంచీ. వారి టీ సంగతి ఆఖరున చూడమన్నారు.

తెల్ల బిళ్ళ ఒక్కరికే వచ్చింది. ఆమె పేరు సరోజన. నెక్కొండ దగ్గరి పిల్ల. రాజమల్లు గారి కిందనే పరిశోధన చేస్తోంది. పెద్ద చెరువు నుంచి చివరి ఊళ్ళకు వేసిన ఒక కొత్త కాలువలో నీళ్ళు ఎంత దూరం పోతాయో తేల్చడం ఆమె పని. కాలువ పొడవునా తానే నడిచి కొలతలు తీసుకుంది. లెక్కలు ఇంకా మిగిలాయి.

“కంప్యూటర్ మీద ఒక్క పూట కూసుంటే అయిపోతది కాకా. ఈ నెలాఖరుకు యూనివర్సిటీల నా పరిశోధన పుస్తకం ఇయ్యకుంటే నా రిజిస్ట్రేషన్ కొట్టేస్తరు. ఇప్పుడున్న లెక్చరర్ నౌకరీ కూడా పోతది.”

“మరి ఫికరెందుకు బిడ్డా? కంప్యూటర్లు గా గదిలనే ఉన్నయి గదా!”

“లెక్కలైతే చేతితోనైనా చేస్త. ఇది నా సొంత పనే అని సార్ సంతకం పెట్టాలె. ఏడాదిసంది అడుగుతాన. చదవంది ఎట్ల పెడుతా అంటడు. చదువుండ్రి సార్ అంటే టైం లేదంటడు.”

సంతకం నా చేతిలో లేదు. కనీసం కంప్యూటరైనా ఇప్పిద్దామని వెళ్ళాను. గది బయట చెప్పులు విడిచి లోపల అడుగు పెడితే ఒళ్ళంతా చల్లగా అయింది. ఆరు కంప్యూటర్లూ పసుపు గుడ్డలు కప్పుకుని, కుంకుమ బొట్లతో, బంతిపూల దండలతో కొలువై ఉన్నాయి. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. కాపలా ఉన్న అటెండర్ సారయ్య నవ్వాడు.

“మొక్కుడు వరకే అన్నా. ముట్టొద్దు. ఆఖరి రోజు హైదరాబాద్ నుంచి నీళ్ళ శాఖ పెద్దసారు వచ్చి స్విచ్ వేస్తడట. అప్పటిదాంక వీటికి కరెంట్ సుత ఇయ్యరట.”

“ఆఖరి రోజు మొదలుపెడితే వీళ్ళు పని ఎప్పుడు చేస్తరు?”

“పనా? పని గురించి నాకెవ్వలు చెప్పలే!”

దేవుడైనా పొద్దున్నే తలుపు తీయిస్తాడు కదా అని డైరెక్టర్ గారినే అడిగాను.

“సహకారం మనసుల ఉండాలె గుండయ్య గారూ. మిషిన్ల ఏమున్నది?” అన్నారు.

ఆ మనసులు కలవడానికి మొదట పరిచయాలు పెట్టారు. ఒక్కొక్కరు తమ డిగ్రీలు, పతకాలు, విదేశ యాత్రలు చదివారు. రెండు రోజులు చదివారు! మూడో రోజు ఎవరి చిక్కు వారు చెప్పుకోవాలి. ఒక్కరూ నోరు విప్పలేదు. చెబితే పక్కవాడు రాసుకుంటాడట. ఒకాయన పరీక్షలో పిల్లవాడిలా కాగితం చుట్టూ మోచేయి అడ్డం పెట్టుకుని రాశారు. నాలుగో రోజు సహకార కమిటీ వేశారు. ఐదో రోజు దానికి అధ్యక్షుడెవరన్న చర్చ జరిగి, ఇద్దరు ఎరుపు బిళ్ళలవారు మాట్లాడుకోవడం మానేశారు. మా భజనలో ఇన్నేళ్ళలో చరణం ఎవరిదని అడిగినవాడు లేడు. చదువుకోనివాళ్ళం గనుక తోచలేదేమో.

సరోజన మాత్రం వంటశాలలో ఒక మూల పీట వేసుకుని చేత్తోనే లెక్కలు చేసింది. మా భజన పద్ధతి ప్రకారం, చేయి కడుక్కోవడానికి వచ్చినవారినల్లా బతిమాలాను.

“సార్, జర ఒక కాగితం మీరందుకోరాదుండ్రి? పిల్ల అలిసిపోయింది.”

“నా సబ్జెక్ట్ వేరు.”

“నేను ఇసొంటి చిన్న లెక్కలు చెయ్య.”

“కమిటీ నుంచి రాతపూర్వకంగా రావాలె.”

ఒక నీలం బిళ్ళాయన మాత్రం ఎంతో ప్రేమగా కూర్చుని, పెరుగన్నం రెండోసారి వడ్డించుకుని లేచిపోయారు. ఆరో రోజు సాయంత్రానికి లెక్కలు ఆమె ఒక్కతే ముగించింది.

అదే సాయంత్రం డైరెక్టర్ గారికి కబురు వచ్చింది. పెద్దసారు స్విచ్ వేయడమే కాదు, వారం రోజుల్లో అందరూ కలిసి ఏం సాధించారో చూస్తారట! ఆఫీసంతా వెతికినా సాధించింది దొరకలేదు. ఆయన వంటశాలకు పరుగెత్తుకొచ్చి సరోజన కాగితాలు చంకన పెట్టుకున్నారు.

“సార్, అది నా పుస్తకం!”

“నీది నాది ఏందమ్మా? ఇక్కడ పెద్దా చిన్నా లేదు!”

తెల్లారేసరికి వాటికి కొత్త అట్ట వచ్చింది. దాని మీద ఇరవై రెండు పేర్లు. ఇరవై ఒక్క శాస్త్రజ్ఞులు, పైన డైరెక్టర్ గారు. సరోజన పేరు లేదు. ఆమె నావైపు చూసింది. నా దగ్గర ఆమెకు ఇవ్వడానికి టీ తప్ప ఏమీ లేదు.

పెద్దసారు వచ్చారు. స్విచ్ వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన తీరిగ్గా అట్ట తిప్పి చదవడం మొదలుపెట్టారు. రెండు పేజీలు దాటేసరికి ఆయన ముఖం మారింది.

“కాలువ అడుగు సగం దూరం తర్వాత ఎత్తైంది, నీళ్ళు చివరి ఊళ్ళకు పోనే పోవు అని రాసిండ్రు. ఈ కాలువ ఎవరు వేయించిండ్రో తెలుసా? నేను! దానికి నాకు శాలువా కప్పిండ్రు!”

పాపం, డైరెక్టర్ గారు అట్ట ఒక్కటే చదివారు!

“ఎవరు చేసిండ్రు గీ లెక్కలు?”

“సార్, అది... ఆ అమ్మాయి ఒక్కతే చేసింది సార్!”

“మేం ముట్టనైనా ముట్టలే సార్!”

“నా సబ్జెక్టే వేరు సార్!”

“మరి మీ పేర్లెందుకున్నయి?”

“టైపిస్ట్ పొరపాటు సార్!”

పెద్దసారు సరోజనను నిలబెట్టారు. “నువ్వేనా?”

“నేనే సార్. కాలువ పొడుగూతా నడిచి కొలిచిన. తప్పుంటే చూపెట్టుండ్రి.”

ఆయన చూపించలేదు. అందరివైపు తిరిగి, “మీకేం సంబంధం లేదని రాసియ్యుండ్రి” అన్నారు.

సరోజన మెల్లగా అంది: “సార్, జర కార్బన్ పెట్టి రాయమనుండ్రి. నాకొక కాపీ కావాలె.”

భయంలో ఎందుకని ఎవరూ అడగలేదు. ‘ఈ పరిశోధన మొత్తం కుమారి సరోజన స్వంతంగా చేసినది. ఇందులో మా సలహా గానీ సహాయం గానీ ఏమాత్రం లేవు’ అని రాజమల్లు గారే రాసి, సంతకం పెట్టి, ముద్ర వేశారు. విశ్వవిద్యాలయం అడిగేది సరిగ్గా ఆ వాక్యమే! నెలాఖరుకు ముందే ఆమె ఆ కాపీని పుస్తకం మొదటి పేజీగా కుట్టించి అక్కడ ఇచ్చింది.

ఆ మధ్యాహ్నం సంతకాల కోసం ఎరుపు బిళ్ళలూ నీలం బిళ్ళలూ ఒకటే వరుసలో నిలబడ్డాయి. కలం ఒకరి చేతినుంచి ఒకరు అందుకున్నారు. మాట్లాడుకోవడం మానేసిన ఇద్దరూ ఒకరికొకరు బల్ల జరిపి చోటిచ్చారు. వారం మొత్తంలో వారంతా కలిసి చేసిన పని అదొక్కటే. చాలా బాగా చేశారు. ఒక్క అక్షరమైనా అబద్ధం లేదు!