అది చలికి ఓర్చుకోదు

ఆ శుక్రవారం పొద్దున్నే ఆవిరి స్నానం చేసే సౌనా గదిలో బల్లలు తోమేయాలని సైలా అనుకుంది. మర్నాడు శనివారం. శనివారం సాయంత్రం సౌనా వేడెక్కని ఇల్లు ఆ ఉత్తరాది చలిదేశపు కయానీ ఊళ్ళో ఉండదు. బ్రష్షూ బకెట్టూ పట్టుకుని వెళ్ళేసరికి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల మొగుడు ఇల్పో ఎవరితోనో ఫోనులో గుసగుసలాడుతున్నాడు. ఇల్పో మాట్లాడటమే అరుదు. అలాంటివాడు తలుపేసుకుని గుసగుసలాడుతుంటే ఏ భార్య మాత్రం బకెట్టు కింద పెట్టి చెవి ఆనించదు?

“అది చలికి ఓర్చుకోదురా. మొన్న బయటికి తీసుకెళితే కాసేపటికే నీరసపడిపోయింది... ఆఁ, చొక్కా లోపల, ఒంటికి ఆనించే పెట్టుకుంటాను... పాతదాని పని అయిపోయింది. ఇది కొత్తది, జపాన్‌ది. చూడ్డానికి చిన్నదే గానీ మహా ఊపు... ఛ, సైలాకి తెలిస్తే కొంపలంటుకుంటాయి!”

ఇక్కడ వాళ్ళ భాష సంగతి ఒకటి చెప్పాలి. నోటి మాటలో వాళ్ళకి మనిషికీ వస్తువుకీ తేడా లేదు. పెళ్ళాం ‘అది’, మొగుడు ‘అది’, మంచు ఎత్తే పారా ‘అది’. మనకి ఆడవాళ్ళ విషయంలో వచ్చే చిక్కు వాళ్ళకి లోకం మొత్తం విషయంలో ఉంది. కాబట్టి సైలా ఏమనుకుందో వేరే చెప్పక్కర్లేదు.

నిజానికి ఇల్పో చెబుతున్నది తన ఎయిర్‌సాఫ్ట్ తుపాకీ బ్యాటరీ గురించి. ప్లాస్టిక్ గుళ్ళు కాల్చే ఆట తుపాకీ అది. ఎండాకాలం అడవిలో స్నేహితులతో ఆడుకుని, శీతాకాలం రాగానే అటకెక్కించేవాడు. ఈసారి మాత్రం గడ్డకట్టే చలిలోనే ఆడదామని ఓస్మో అనే స్నేహితుడు ఎగదోశాడు. అంత చలిలో తుపాకీ పేలాలంటే లోపలి గేర్లకున్న చిక్కటి గ్రీజు తుడిచేసి పల్చటి నూనె రాయాలి. గట్టిపడిన రబ్బరు తీసి మెత్తటిది వెయ్యాలి. బ్యాటరీని ఆట మొదలయ్యేదాకా ఒంటి వేడిలో దాచుకోవాలి. ఇదంతా బహిరంగంగా చెయ్యడానికి ఇల్పోకి ధైర్యం లేదు. ఒకసారి వంటింటి బల్ల మీద తుపాకీ విప్పితే లోపలి స్ప్రింగు ఎగిరి సైలా పుట్టినరోజు కేకులో దిగబడింది. ఇక ఈ ఇంట్లో ఒక్క మరా విప్పనని ఆ రోజు ప్రమాణం చేశాడు. అందుకే సౌనాలో గడియ పెట్టుకున్నాడు.

సైలా బల్లలు తోమలేదు. తిన్నగా తల్లి హిల్కా ఇంటికి వెళ్ళింది.

“అమ్మా, ఇల్పో ఎవత్తెనో తగులుకున్నాడు.”

కాఫీ పోస్తున్న హిల్కా చెయ్యి ఆగిపోయింది. “అయితే అదన్నమాట!”

“ఏదమ్మా?”

“పోయిన వారం వచ్చి, ఉన్నితో చిన్న సంచి అల్లిపెట్టమన్నాడే. దేనికయ్యా అంటే, ‘అది అరచేయంతే ఉంటుంది అత్తయ్యా, చలికి ఓర్చుకోదు, గుండెకి ఆనించి పెట్టుకోవాలి’ అన్నాడు. నీతో అనొద్దన్నాడు.”

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఆస్పత్రిలో అలాగే తండ్రి గుండెల మీద పడుకోబెడతారు.

“ఆడపిల్లా, మగపిల్లాడా?” అంది సైలా.

“‘అది’ అన్నాడు కదే! అదంటే నాకేం తెలుస్తుంది?”

“ఎవరికో తెలియకుండానే అల్లి ఇచ్చేశావా?”

“చలికి ఓర్చుకోదంటే జాలేసింది. మెత్తగా ఉంటుందని రెండు పొరలు కూడా వేశాను,” అంది హిల్కా నేరస్థురాలిలా.

సైలాకి కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్ళ కాపురం. ఇల్పో అందగాడు కాదు, మాటకారి కాదు. అబద్ధమాడడన్న ఒక్క నమ్మకం మీద అన్నేళ్ళు గడిపింది. ఇప్పుడు ఆ ఒక్కటీ పోతే ఇంకేం మిగిలినట్టు?

ఆ సాయంత్రం చేపల పులుసు వడ్డిస్తూ, మనసు గట్టి చేసుకుని అడిగింది. “ఇల్పో, నాతో ఏమైనా చెప్పాలా?”

సౌనా బల్లకంటిన నూనె మరక చూసేసిందనుకుని ఇల్పో కంగారుపడ్డాడు. “లేదే,” అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. “రేపు చెరువు మీద మంచు తొలిచి చేపలు పట్టడానికి వెళ్తున్నాను. ఓస్మోతో.”

“ఈ చలిలోనా?”

“చలి లేకపోతే మంచు ఎలా ఉంటుంది?” అన్నాడు ఇల్పో. ఆ మాటా నిజమే. కానీ అంత చురుగ్గా జవాబివ్వడం ఇల్పో అలవాటు కాదు కనుక సైలా అనుమానం ఇంకో మెట్టెక్కింది.

పొద్దున ఇల్పో గడ్డం గీసుకుంటుంటే కుర్చీకి తగిలించిన చొక్కా తడిమి చూసింది. లోపలి జేబులో తల్లి అల్లిన సంచి. అందులో పిల్లా లేదు, జెల్లా లేదు. నల్ల టేపు చుట్టి, రెండు తీగలు వేలాడుతున్న చిన్న దిమ్మ. చేపలకి వెళ్ళేవాడు గడ్డం గీసుకోవడమే ఒక ఎత్తు, ఈ దిమ్మ ఇంకో ఎత్తు. సైలాకి బల్బు వెలిగింది. రెండో ఫోను! దాని బ్యాటరీ ఇది! దానితో మాట్లాడటానికి వేరే ఫోను! సాక్ష్యం చేజారనివ్వకూడదని సంచిని తన రవికలో దోపుకుంది. జేబు తేలికైపోతే అనుమానం వస్తుందని, పొయ్యి మీద ఉడుకుతున్న బంగాళాదుంపల్లోంచి ఒకటి తీసి, గుడ్డ చుట్టి అందులో పెట్టింది.

ఇల్పో చొక్కా తొడుక్కుని, ఛాతీ మీద చెయ్యి వేసి చూసుకుని, వెచ్చగా ఉందని తృప్తిగా బయల్దేరాడు. కారు వీధి మలుపు తిరగ్గానే సైలా గోడ వైపు చూసింది. మంచు తొలిచే బర్మా అక్కడే ఆనించి ఉంది.

“చేపల్ని దేంతో పడతాడటమ్మా, పళ్ళతోనా?” అని ఫోనులో అంది. పావుగంటలో హిల్కా తలకి రుమాలు కట్టుకుని వచ్చి సైలా కారులో కూర్చుంది.

మంచులో ఇల్పో కారు చక్రాల జాడ ఊరు దాటి, పాడుబడ్డ కంకర గని దగ్గర ఆగింది. అక్కడ కార్లు వరసగా ఉన్నాయి. వాటి పక్కన దుప్పట్ల లాంటి తెల్ల బట్టలు కప్పుకున్న మగవాళ్ళు, చేతుల్లో తుపాకులు పట్టుకుని దిగాలుగా నిలబడ్డారు. ఎవరి తుపాకీ కూడా పేలడం లేదు. బ్యాటరీలన్నీ చలికి చచ్చాయి. మధ్యలో ఇల్పో, చేతిలో బంగాళాదుంప పట్టుకుని, లోకం మునిగిపోయినట్టు చూస్తున్నాడు.

సైలా ఈ తుపాకుల్ని పట్టించుకోలేదు. ఆవిడ చూడాలనుకున్నది వేరే. నేరుగా వెళ్ళి ఎదుట నిలబడింది.

“ఎక్కడుందది?”

“నాకూ తెలియట్లేదు సైలా!” అన్నాడు ఇల్పో, ఆవిడ ఎలా వచ్చిందని అడగడం కూడా మర్చిపోయి. “పొద్దున గుండెకి ఆనించే పెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే దాని బదులు ఇదుంది!”

“గుండెకి ఆనించి! నలుగురి ముందూ ఒప్పుకుంటున్నావన్నమాట. తల్లెవరు?”

“ఎవరి తల్లి?”

“దాని తల్లి!”

పక్కనున్న ఓస్మో సాయం చేస్తున్నాననుకుని, “అది జపాన్‌దండీ,” అన్నాడు.

“జపానా!” అని హిల్కా గుండె పట్టుకుంది. “అంత దూరం ఎప్పుడు వెళ్ళొచ్చావయ్యా అల్లుడూ?”

“మరి దీని సంగతేంటి?” అంటూ సైలా రవికలోంచి సంచి లాగి మొహం మీద ఆడించింది. “దానితో మాట్లాడే ఫోనుది కాదూ ఇది?”

ఇల్పో మొహం వెలిగిపోయింది. రెండు చేతులా ఆ సంచిని అందుకుని చెంపకి ఆనించుకున్నాడు. “వెచ్చగా ఉంది,” అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళినాడు కూడా అతను తన వైపు అలా చూసిన గుర్తు లేదు సైలాకి. దిమ్మని తుపాకీలో కలిపి మీట నొక్కాడు. తుపాకీ గర్రుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

సైలాకి సంగతంతా ఒక్కసారిగా అర్థమైంది. కారుకి చేరగిలబడింది. హమ్మయ్య అనిపించింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

“ఎక్కడ విప్పావు దీన్ని?”

“సౌనాలో.”

“బల్ల మీదా?”

“కాస్త నూనె అంటింది.”

“రాత్రంతా కన్ను మూయలేదు నేను! దిండు తడిసిపోయింది. ఈ ముదనష్టపు బొమ్మ కోసం నాతో అబద్ధమాడతావా?”

“నువ్వు కోప్పడతావని భయమేసింది సైలా,” అన్నాడు ఇల్పో తల దించుకుని.

“ఇలా ఇయ్యి అది. నువ్వు వెళ్ళి ఆ చెట్టు దగ్గర నిలబడు.”

ఎవరూ అడ్డు చెప్పలేదు. గుళ్ళు కళ్ళకి తగలకుండా ఓస్మో ఆవిడకి ఆట కళ్ళద్దాలు తొడిగాడు. హిల్కా కారులో కూర్చుని తలుపేసుకుంది. ఇల్పో తన కళ్ళద్దాలు దించుకుని, బుద్ధిగా నడిచి వెళ్ళి సూదుల్లాంటి ఆకులున్న ఒక ఫర్ చెట్టు వెనక నక్కాడు.

“తగిలిందో లేదో నాకెలా తెలుస్తుంది?” అంది సైలా గురి చూస్తూ.

“మీకు తెలియదండీ. ఎవరికీ తెలియదు. తగిలినవాడే చెయ్యెత్తి చెప్పాలి. ఈ ఆట మొత్తం నమ్మకం మీదే నడుస్తుంది.”

సైలా మీట నొక్కింది. గుళ్ళు కొమ్మల మధ్యకి దూసుకుపోయాయి. కొమ్మల మీది మంచు జలజలా రాలింది. ఏమీ కనబడలేదు. అంత మందపు కోటు మీద తగిలినా ఊరుకుంటే అడిగే నాథుడు లేడు. కాసేపటికి చెట్టు వెనకనుంచి ఒక చెయ్యి పైకి లేచింది.

“తగిలింది!” అన్నాడు ఇల్పో.

సైలా మనసు కరిగిపోయింది. ఎవరూ చూడని దాన్ని కూడా తనంతట తాను ఒప్పుకునే మనిషి. ఇలాంటివాడినా రాత్రంతా అనుమానించింది! పరిగెత్తుకెళ్ళి క్షమాపణ అడగాలనిపించింది. అడగబోయింది కూడా. అయినా ఎందుకైనా మంచిదని తుపాకీ పైకెత్తి, తిన్నగా ఆకాశంలోకి ఇంకోసారి కాల్చింది.

“తగిలింది!” అన్నాడు ఇల్పో, రెండో చెయ్యి కూడా ఎత్తి.