కాళ్లు తడవని వార్డు

శాసన వ్యవస్థకూ కార్యనిర్వాహక వ్యవస్థకూ మధ్య తరతరాలుగా సాగుతున్న పేచీ, శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న ఎర్రవాగు మున్సిపాలిటీలో నిరుడు శాశ్వతంగా పరిష్కారమైంది. (కౌన్సిలర్లు శాసన వ్యవస్థ అనీ, కమిషనర్ కార్యనిర్వాహక వ్యవస్థ అనీ శిక్షణలో చెప్పారు. అంతవరకు వాళ్లు ఒకరినొకరు వేరే పేర్లతో పిలుచుకునేవారు.)

పూర్వం పద్ధతి మోటుగా ఉండేది. బడ్జెట్ సమావేశంలో కౌన్సిలర్లు పైపులు కావాలనీ దీపాలు కావాలనీ బల్లలు చరిచేవారు. నిధులు లేవని కమిషనర్ అనేవారు. నెత్తిమీదుగా విమానం దిగేటప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినబడదు కనుక, ఆ చప్పుడులో చైర్మన్ చదివిన అంశాలన్నీ ఏకగ్రీవంగా ఆమోదించినట్టే లెక్క. (ఈ ఆచారాన్ని మాత్రం సంస్కరణ ముట్టుకోలేదు.)

సంస్కరణ పేరు ఫలితాల బడ్జెట్. ఇకమీదట సభ ఫలితాన్ని మాత్రమే అడగాలి. దాన్ని ఏ దారిలో సాధించాలన్నది అధికారుల ఇష్టం.

వాగు ఒడ్డు వార్డు కౌన్సిలర్ స్వరాజ్యానికి కావలసింది ఒక కల్వర్టు. బస్తీ దవాఖాన వాగుకు అవతల ఉంది. ఆమె అత్త సత్తెమ్మ బీపీ గోలీల కోసం నీళ్లలో దిగి నడిచిపోతూ, అంతకుముందు వానాకాలంలో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

"మా వార్డుకు కల్వర్టు కావాలె సార్," అంది స్వరాజ్యం.

కమిషనర్ అరుణ్‌కుమార్ నొచ్చుకున్నారు. "కల్వర్టు అనకూడదు మేడం. అది మార్గం. మీరు ఫలితం చెప్పండి."

"కల్వర్టు గడితే కల్వర్టే గద సార్ ఫలితం?"

"జర జల్ది చెప్పక్కా," అన్నాడు చైర్మన్ మల్లేశ్వర్, చెవి పైకప్పు వైపు పెట్టి. "విమానం వస్తున్నది."

స్వరాజ్యానికి అత్త చెయ్యి కళ్లలో మెదిలింది. "వాగు కాడ మా వార్డోళ్ల కాళ్లు తడవొద్దు. గంతే!"

సభ చప్పట్లు కొట్టింది. ఒక కౌన్సిలర్ మాట్లాడుతుంటే కమిషనర్ లేచి నిలబడడం ఆ మున్సిపాలిటీ చరిత్రలో అదే మొదలు.

తొలకరికి ముందే లారీ వచ్చింది. సిమెంటు పైపుల కోసం ఎదురుచూసిన వార్డు జనం ముందు ఇనుప కంచె దిగింది. సాయంత్రానికల్లా వాగుకు రెండు వైపులా దారి మూసేశారు.

"ఇదేంది సార్?" అని ఇంజనీర్ గోవర్ధన్‌ను పట్టుకుంది స్వరాజ్యం.

"మీరడిగిన ఫలితమే మేడం."

"ఇగ అవతలికి ఎట్ల పోవాలె?"

"పోతేనే కదా తడిసేది," అన్నాడు గోవర్ధన్, ఎంతో ఓపికగా.

చుట్టూ తిరిగి పోవాలంటే రెండు ఆటోలు మారాలి. సత్తెమ్మ ఒకసారి పోయింది, మళ్లీ పోలేదు. "గోలీలు ఒడిసినయి పిల్లా," అంది కోడలితో. "మంచిగనే ఉన్నగని, లేస్తె ఇల్లు తిరుగుతున్నది. నువ్వేమో కౌన్సిలరువైతివి, నేనేమో కంచెల పడితి."

వానాకాలం పోయాక సమీక్షా సమావేశం జరిగింది. నూటికి నూరు శాతం ఫలితం సాధించిన ఏకైక వార్డుగా స్వరాజ్యం వార్డును ప్రకటించి శాలువా కప్పారు. (కల్వర్టు కట్టనందువల్ల మిగిలిన నిధులతో ఎయిర్‌పోర్టు రోడ్డుకు ఫౌంటెన్ వచ్చింది. అక్కడ తడవడం ఐచ్ఛికం.)

శాలువాతోనే లేచింది స్వరాజ్యం. "కంచె తీయించుండ్రి సార్. మా అత్త గోలీలు లేక పరేషాన్ అయితున్నది."

"సభ తీర్మానాన్ని ధిక్కరించే అధికారం మాకు లేదు మేడం," అన్నారు కమిషనర్, చేతులు జోడించి. "శాసన వ్యవస్థంటే మాకు గౌరవం."

"అయితే మళ్ల తీర్మానం చేయుండ్రి. కంచె తీయాలె!"

"కంచె తీయడం మార్గం మేడం. ఫలితం చెప్పండి."

స్వరాజ్యం చైర్మన్ వైపు చూసింది. మల్లేశ్వర్ పైకప్పు వైపు చూశాడు. చప్పుడు దగ్గరపడుతోంది.

"మా వార్డోళ్ల కాళ్లు తడవాలె!" అని అరిచింది.

విమానం దిగింది. ఏకగ్రీవం.

మరునాడు పొద్దున వార్డుకు నీళ్ల ట్యాంకర్ వచ్చింది. కంచె అట్లాగే ఉంది. గోవర్ధన్ పైపు పట్టుకుని, అందరినీ చెప్పులు విడిచి వరసలో నిలబడమన్నాడు. వయోవృద్ధులకు ప్రాధాన్యం కనుక, సత్తెమ్మను అందరికన్నా ముందు నిలబెట్టారు.