నీడ చుట్టూ గీత

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, వీధిలోకి వెళ్ళడం, చెట్ల నీడ ఎక్కడ పడుతోందో చూడడం, భోజనం వేళకు ఇంటికి రావడం. ఇందులో ఎవరికీ కోపం రావలసిన అవసరం లేదు.

ఆమె ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు. కట్టడాల మధ్య మిగిలిపోయే ఖాళీని, అంటే పార్కునో కాలిబాటనో బడి ఆవరణనో, మనిషి కాసేపు నిలబడాలనిపించే చోటుగా మార్చడం ఆమె వృత్తి. సొంత దేశంలో ఆమె గీసిన పార్కుల్లో జనం తిరుగుతూనే ఉన్నారు. ఈ దేశానికి వచ్చాక మాత్రం ఏ కంపెనీకి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా?"

"మీరు ఉద్యోగం ఇస్తే వస్తుందండీ" అని ఒకచోట జవాబిచ్చింది. అడిగినాయన మనసారా నవ్వి, ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చాడు.

భార్యాభర్తలిద్దరూ ప్రస్తుతానికి భర్త అక్కగారింట్లో, మేడ మీది గదిలో ఉంటున్నారు. భర్తది కంప్యూటర్ల పని కనుక వచ్చీ రాగానే కుదురుకున్నాడు. ఆమెకు దొరికింది ఒక్కటే, ప్లాస్టిక్ మొక్కలు అమ్మే దుకాణంలో ఆకుల మీద దుమ్ము తుడిచే ఉద్యోగం. వచ్చే వారంలోగా ఏ సంగతీ చెప్పమన్నారు.

"నీళ్ళు పొయ్యక్కర్లేదు, అదొక్కటే సుఖం" అంది వదిన. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆ వీధిలో ఆవిడ చేత నడుము వదులు చేయించుకోని వాళ్ళు లేరు.

ఇంతలో, నగరంలో సగం పార్కులు గీసిన పెద్ద కంపెనీ నుంచి కబురొచ్చింది. సోమవారం ఇంటర్వ్యూ. ఈలోగా ఏదైనా ఒక వీధిని శ్రద్ధగా చూసి, ఏం కనిపించిందో వచ్చి చెప్పమన్నారు.

ఆమె తమ వీధినే ఎంచుకుంది. వచ్చిన రోజు నుంచీ ఆమెకు ఇక్కడి ఎండ అంతు చిక్కడం లేదు. తన దేశంలో నడినెత్తిన కూర్చునే సూర్యుడు ఇక్కడ మేడల భుజాల మీదుగా తొంగిచూసి వెళ్ళిపోతున్నాడు. మిట్టమధ్యాహ్నం కూడా నీడలు చాపలు పరిచినట్టు పొడుగ్గా పడుకుంటున్నాయి. అందుకని వదిన బట్టల మీద గుర్తులు పెట్టుకునే చాక్‌ముక్కలు గుప్పెడు తీసుకుని, ప్రతి చెట్టు నీడ చుట్టూ గీత గీయడం మొదలుపెట్టింది. నీడ జరిగినప్పుడల్లా ఇంకో గీత. జనం ఎక్కడ ఆగుతున్నారో అక్కడ ఒక అడ్డగుర్తు. బేకరీ ముందు ముగ్గురు ముసలివాళ్ళు రొట్టెలు కొనుక్కున్నాక కూడా కదలకుండా నిలబడ్డారు. వాళ్ళ చుట్టూ పెద్ద చతురస్రం గీసింది. వాళ్ళు మర్యాదగా కాళ్ళు ఎత్తారు.

ఎదురింటాయనకు ఒక నీలం కారు ఉంది. ఒక గీత సరిగ్గా దాని చక్రం పక్క నుంచి పోయింది. ఆయన చెప్పుల్లోనే దిగి వచ్చాడు.

"ఏమండీ, ఇవన్నీ ఎందుకు?"

ఆమెకు ఇక్కడి భాష ఇంకా పొడిపొడిగానే వచ్చు. "పని కోసమండీ."

"ఏం పని?"

"చెట్లు, కాలిబాట... అలాంటివి."

"ఎప్పుడు మొదలు?"

తన ఉద్యోగం గురించి ముక్కూమొహం తెలియని మనిషి ఇంత ఆసక్తి చూపించడం ఆమెకు హాయిగా అనిపించింది. "సోమవారం తేలుతుంది. కుదిరితే వెంటనే మొదలు."

"ఎవరు చేయిస్తున్నారు?"

ఆమె కంపెనీ పేరు చెప్పింది. ఆయన కారు వంకా గీత వంకా చూసి, సాయంత్రం ప్యాంటు ఒకటి చంకలో పెట్టుకుని వదిన దగ్గరికి వెళ్ళాడు. ప్యాంటుకు నిజానికి ఏమీ కాలేదు.

"మీ మరదలు ఏం చేస్తుంటారండీ?"

వదిన సూది ఆపింది. తమ్ముడి భార్య ఖాళీగా ఉందని ఒప్పుకోవడానికి ఆవిడకు నోరు రాలేదు. "చాలా పెద్ద పనిలో ఉందండీ. పూర్తయ్యేదాకా బయటికి చెప్పకూడదట" అంది.

మర్నాటికి వీధి రెండుగా చీలింది. కార్లున్న వాళ్ళందరూ ఒకవైపు. గుండ్రటి గీత ఉన్నచోటల్లా చెట్టు వస్తుందనీ, చెట్టు వస్తే కారు పోతుందనీ వాళ్ళ లెక్క. రెండోవైపుకు బేకరీ యజమానురాలు పెద్ద. తన కొట్టు ముందు చతురస్రం బల్లలు వెయ్యడానికేనని ఆవిడ నమ్మింది. ఆ చతురస్రం చెరిగిపోకుండా చుట్టూ నాలుగు కుర్చీలు బోర్లించింది. వాన పడితే ఏమవుతుందోనని పైన పట్టా కూడా కట్టించింది.

నీలం కారాయన నగరపాలక కార్యాలయానికి ఫోన్ చేసి, కంపెనీ పేరుతో సహా చెప్పి నిలదీశాడు. పార్కుల శాఖ అధికారిణికి ఆ వీధి ఎక్కడుందో కూడా వెంటనే గుర్తురాలేదు. కానీ తన శాఖలో జరిగేది తనకు తెలియదని ఎలా చెబుతుంది?

"పరిశీలనలో ఉందండీ" అంది.

ఫోన్ పెట్టేశాక ఆవిడ కంగారుగా కంపెనీ పెద్దకు ఫోన్ చేసింది. "ఆ వీధి పని మీరే చూస్తున్నారటగా?"

కంపెనీ పెద్ద కూడా అలాంటి మాట వినడం అదే మొదలు. కానీ నగరపాలక సంస్థే తనంత తానుగా ఫోన్ చేసి అడుగుతున్న పనిని కాదనేంత అమాయకుడైతే ఆయన సగం పార్కులు గీసేవాడు కాదు.

"మా వాళ్ళు చూస్తున్నారండీ. బాగా నడుస్తోంది."

దాంతో ఆ పని నిజంగానే ఉందని ఇద్దరికీ నమ్మకం కుదిరింది. ఆ వారంలోనే వీధి చివరి బడిలో సమావేశమని దీపస్తంభాలకు కాగితాలు అంటించారు.

ఆ కాగితం చూసి అందరికంటే సంబరపడింది మన ఆర్కిటెక్టే. "వదినా, మన వీధిలో ఏదో ప్రాజెక్టు వస్తోందట. నేను చూస్తున్న వీధికే రావడం ఎంత విచిత్రం. వెళ్దాం పద, ఇక్కడివాళ్ళు ఎలా గీస్తారో చూడాలి."

వదిన మొహం అదోలా అయింది. "నాకు అర్జెంటుగా ఒక గౌను ఉంది" అంది. కానీ వెంట వెళ్ళింది.

హాలు నిండిపోయింది. ముందువరసలో అధికారిణి, పక్కనే కంపెనీ పెద్ద. "దీని మీద మేము చాలాకాలంగా కసరత్తు చేస్తున్నాం" అని అధికారిణి, "నిద్రాహారాలు మాని" అని కంపెనీ పెద్ద. తర్వాత నీలం కారాయన తాను తీసిన ఫోటోలు తెర మీద వేయించాడు.

మొదటి ఫోటోలో చెట్టు, నీడ, చుట్టూ గీత. రెండో దాంట్లో కారు చక్రం. మూడో దాంట్లో, వంగి గీస్తున్న ఒక మనిషి వీపు. ఆ వీపు మీది జాకెట్టు అప్పుడు కూడా ఆమె ఒంటి మీదే ఉంది.

నోరు మూసుకుంటే ఈ గొడవ ఇంకా పెరుగుతుంది. నోరు విప్పితే ఉద్యోగం పోవచ్చు, ముందువరసలో కూర్చున్నాయనే సోమవారం తనను ఇంటర్వ్యూ చేయబోయే మనిషి. ప్లాస్టిక్ ఆకులు కళ్ళ ముందు మెరిశాయి. అయినా లేచి నిలబడింది.

"ఆ గీతలు నావండీ. ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం నీడలు చూసుకున్నాను. ప్రాజెక్టు అంటూ ఏమీ లేదు. నన్ను క్షమించండి."

ముందుగా తేరుకున్నది నీలం కారాయన.

"అంటే రద్దు చేశారన్నమాట."

"రద్దు కాదండీ. అసలు లేదు."

"మనకి ఎప్పుడూ ఇంతే" అంది బేకరీ యజమానురాలు. "పక్క వీధికైతే చక్కగా ఇస్తారు."

"మీరే వద్దే వద్దన్నారు కదండీ" అంది అధికారిణి, నీలం కారాయనతో.

"వద్దనేది మేము" అన్నాడాయన. "లేదనడానికి మీరెవరు?"

హాలంతా చప్పట్లు. వీధి మళ్ళీ ఒకటైంది. చాలాకాలంగా కసరత్తు చేస్తున్నామని ఇప్పుడే చెప్పిన అధికారిణికి వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. "లేదని నేనన్నానా? ఆమె ఏదో వినయం కొద్దీ అంటున్నారు" అంది. నిద్రాహారాలు మానిన కంపెనీ పెద్ద గట్టిగా తలూపాడు.

అప్పుడు ముసలివాళ్ళలో ఒకాయన చెయ్యెత్తాడు. "అది సరే. మా చుట్టూ ఆ పెట్టె ఎందుకు గీశావమ్మా? అప్పటి నుంచీ అడగాలనుకుంటున్నా."

ఆమె ఆయన వైపు తిరిగింది. "మా దగ్గర జనం నీడను వెతుక్కుంటూ జరుగుతారండీ. మీరూ అంతే అనుకుని నీడలన్నీ గీశాను. చివరికి చూస్తే ఒక్క మనిషీ గీతల లోపల లేడు. మీరు ముగ్గురూ నిలబడ్డది వీధి మొత్తానికీ ఏ నీడా పడని చోటు. ఇక్కడ మీరు ఎండను వెతుక్కుంటున్నారు. అక్కడ చెట్టు పెడితే తప్పు. కూర్చోవడానికి బల్ల వెయ్యాలి. చెట్లు ఎదురువరసలో పెట్టుకోవచ్చు, అక్కడ ఎవరూ ఆగడం లేదు."

"ఎదురువరస అంటే నా కారు" అన్నాడు నీలం కారాయన. ఎవరూ వినిపించుకోలేదు.

ముసలాయన పక్కవాళ్ళిద్దరి వంకా చూశాడు. "మనం అక్కడెందుకు నిలబడతామో నాకు ఇప్పటిదాకా తెలియదు" అన్నాడు.

సోమవారం ఇంటర్వ్యూ బాగానే జరిగింది. కంపెనీ పెద్ద ఆమెకు కాఫీ తెప్పించి, ఆ చూపును చాలా మెచ్చుకుని, "కాకపోతే మీకు ఇక్కడ పనిచేసిన అనుభవం..." అని చేతులెత్తేశాడు. ఆమె థాంక్స్ చెప్పి బయటికొచ్చి, ప్లాస్టిక్ మొక్కల దుకాణానికి ఫోన్ చేద్దామని బస్‌స్టాపులో కూర్చుంది. చెయ్యబోయేలోపే ఫోన్ మోగింది. అవతల పార్కుల శాఖ అధికారిణి.

"ఆ వీధికి డబ్బు మంజూరైందండీ. కంపెనీ వాళ్ళు నక్షాలు తెస్తామంటున్నారు. తెస్తే చూసి సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పే మనిషి మా ఆఫీసులో లేరు. నిజానికి..." అని గొంతు తగ్గించింది. "అసలా ప్రాజెక్టేమిటో మా ఎవరికీ తెలియదు. మీరొచ్చి చేరతారా?"

నెల తిరక్కుండా ఆమెకు కిటికీ పక్కన ఒక బల్ల ఇచ్చారు. మొదటి వారంలోనే కంపెనీ పెద్ద నక్షాల చుట్ట చంకలో పెట్టుకుని ఆ బల్ల ముందు నిలబడ్డాడు. ఆమె ఆయన్ని కూర్చోమని, కాఫీ తెప్పించి, గీతను చాలా మెచ్చుకుని, చెట్లన్నీ బేకరీవైపే పెట్టారని చెప్పి వెనక్కి పంపింది.

వీధి పూర్తయింది. బల్ల మీద ముగ్గురు ముసలివాళ్ళు కూర్చుని ఎండ కాగుతున్నారు, బేకరీ బాగా నడుస్తోంది, కార్లు పెట్టుకోవడానికి మాత్రం చోటు దొరకడం లేదు. దానికి ఎవరిని తిట్టాలో వీధిలో అందరికీ ఇంటి నంబరుతో సహా తెలుసు.