స్నానాలగది తలుపు మీద స్వర్ణకుమారి దండయాత్ర

శారదానదీ శీకరాలతో తడిసి, బెల్లపు బస్తాల పరిమళంతో మత్తెక్కి, శ్రావణమేఘాల గర్జనకు సైతం బేరం ఆపని అనకాపల్లి పురవరంలో, రెండువేల ఆరో సంవత్సరాన, ఒకానొక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసిన వేళ, గృహవిక్రయదీక్షాధురంధర అయిన స్వర్ణకుమారి చీర చెంగు నడుముకు దోపి స్నానాలగది తలుపు ఎదుట నిలిచింది.

ఆ తలుపు సామాన్యమైనది కాదు. వానలకు ఉబ్బి, మదగజంలా బలిసి, ద్వారబంధంలో ఒదగనని మొండికేసిన దారుదానవం. భర్త ఆనందకుమార్‌కు శ్రీకాకుళం బదిలీ అయి ఏడాది దాటింది. ఇంటికి అతడు ఆదివారపు చుట్టమే. ఈ ఇల్లు అమ్ముడైతే గాని కాపురం ఒక్కచోటికి చేరదు. చూడవచ్చిన ప్రతివారూ హాలు మెచ్చి, వంటగది మెచ్చి, మూతపడని ఈ తలుపు దగ్గర మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయేవారు. నేడు బెల్లం వర్తకుడు త్రినాధరావు సతీసమేతుడై వేంచేయనున్నాడు.

ఆనందకుమార్ గరుకుకాగితమనే ఖడ్గంతో అంచులు రుద్దాడు. క్రిస్మస్‌కు మిగిలిన కొవ్వొత్తి పులిమాడు. శత్రువు చలించలేదు. అతడు చెమటలు కక్కుతూ చతికిలబడి, "పరదా కట్టేద్దామేటి?" అన్నాడు.

ఆ పిరికిపలుకుకు వీరాంగన కన్నులు కెంపెక్కాయి. "పరదా కట్టిన ఇల్లు ఎవరు కొంటారండి? మీరక్కడ, మేవిక్కడ, ఎన్నాళ్ళిలాగ? లెగండి."

దంపతులిద్దరూ గది లోపల చేరి, భుజానికి భుజం చేర్చి తలుపును తోస్తుండగానే వీధిలో ఆటో ఆగింది.

త్రినాధరావు హాలంతా కలయజూశాడు. అతని భార్య గంగాభవాని, బురదకాళ్ళు కడుక్కుంటానని, స్వర్ణకుమారి వారించేలోగా ఆ గదిలోకే వెళ్ళింది. ఏళ్ళ తరబడి ఉమ్మడి కాపురపు పిండి రుబ్బిన ఆ బాహువులు లోపలినుంచి ఒక్క తోపు తోశాయి. ధన్మని మూసుకుంది. స్వర్ణకుమారి గుండెలో విజయభేరులు మ్రోగాయి.

మ్రోగినంతసేపు పట్టలేదు ఆగడానికి. తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. త్రినాధరావు తోశాడు, ఆనందకుమార్ తోశాడు, ఇద్దరూ భుజాలు నొప్పెట్టి వెనుదిరిగారు. ఇల్లు అమ్ముడయ్యే ఆశ అక్కడితో కూలిందనుకుంది స్వర్ణకుమారి. ఇక దాచి లాభం లేక, వానకి ఉబ్బిందని, ముందే చెప్పకపోవడం తప్పేనని ఒప్పుకుంది. "గోడవారకి నిలబడండమ్మా, నేను తన్నుతాను" అంది.

"తన్నకండి. కాసేపుండండి" అంది లోపలినుంచి గంగాభవాని.

లోపల నీళ్ళ చప్పుడు. ఆ తరవాత సన్నగా కూనిరాగం. బయట ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మా ఇంట్లో తలుపేసుకుంటే సాలు, ఎవరో ఒకరు బాదుతారమ్మా. తోటికోడళ్ళు, పిల్లలు, మా అత్త. ఇక్కడికి ఎవరూ రాలేరు కదా?"

ఎవరూ రాలేరని స్వర్ణకుమారి సత్యప్రమాణంగా పలికింది.

చాలాసేపటికి లోపలినుంచి అనుజ్ఞ వచ్చింది. అంతట ఆ వీరనారి కుచ్చిళ్ళు ఎగదోపి, ప్రభువును తలచి, వజ్రాయుధసమానమైన కుడికాలితో తన్నింది. ద్వారం దద్దరిల్లి తెరుచుకుంది. కడిగిన ముత్యంలాంటి మొహంతో గంగాభవాని వెలువడి, భర్త వైపు తిరిగి, "ఈ ఇల్లే తీసుకుందామండి" అంది. పిమ్మట స్వర్ణకుమారి చెయ్యి పట్టుకుని మెల్లగా, "మీరెళ్ళేలోగా ఆ తలుపు మాత్రం బాగుచేయించకండి" అని వేడుకుంది.

పుష్పవృష్టి కురవలేదు, ఉత్త వానే కురిసింది. అయినను, అనకాపల్లిలో ఒక స్నానాలగది తలుపు ఒక్కసారి పూర్తిగా మూసుకున్నదని సకలలోకాలూ ఆలకించుగాక.