మాచమ్మ దిబ్బ మీద కలుపు

ఒక పెద్ద అడవిలో, మృగశిర కార్తె ప్రవేశించిన మర్నాడు, మాచమ్మ అనే ముసలి నక్షత్ర తాబేలుకు అన్యాయం జరిగింది. చేసింది దొంగలు కాదు. దొంగలైతే సిగ్గుపడి చీకట్లో వచ్చేవాళ్ళు. ఇది పట్టపగలు సభ పెట్టి, తీర్మానం చదివి, చప్పట్లు కొట్టించుకుని చేసిన అన్యాయం.

మాచమ్మకు ఉన్న ఆస్తల్లా ఒక దిబ్బ. పొద్దస్తమానం ఎండ తగిలే దిబ్బ. నాలుగు చినుకులు పడితే చాలు, ఎవరూ విత్తకుండానే దాని మీద గరిక, గడ్డిచామంతి, గలిజేరు, వెన్నదేవి కూర మొలుస్తాయి. ఆ తొలకరికే మాచమ్మ మనవలు గుడ్లు పగలగొట్టుకుని మట్టిలోంచి బయటికొచ్చారు. వాళ్ళ డిప్పలు ఇంకా గట్టిపడలేదు. పిచ్చుక కాలు వేసినా సొట్ట పడేంత మెత్తన. అవి గట్టిపడాలంటే ఆ దిబ్బ మీది ఆకే దిక్కు. దిబ్బ పోతే మనవలు పోతారు. మాచమ్మకు ఇంతకు మించిన రాజకీయం తెలియదు.

అడవి మేత మండలికి అధ్యక్షుడు జుంటిరాయుడు అనే ఎలుగుబంటి. తేనె అంటే ప్రాణం. చెట్టెక్కడమంటే మాత్రం ఆయాసం. పదవి వచ్చాక ఒళ్ళు వచ్చింది, ఒళ్ళు వచ్చాక చెట్లు ఎత్తయ్యాయి.

మండలికి నిపుణుడు గడ్డప్ప అనే మేకపోతు. పట్నంలో తాడు తెంపుకుని అడవికొచ్చినవాడు. అక్కడ బోలెడన్ని గోడపత్రికలు, ఒకటో రెండో పాఠ్యపుస్తకాలు, ఒక లాయరుగారి నల్లకోటు చెయ్యి నమిలి వచ్చాడు. అడవిలో అంత చదువు లోపలికి పోయినవాడు మరొకడు లేడు.

"గడ్డప్పా, ఆ ముసల్దాని దిబ్బ మీద పూలపొదలు వేస్తే ఎలా ఉంటుంది?" అన్నాడు జుంటిరాయుడు.

"పూలు పూస్తాయి."

"పూస్తే?"

"తేనెటీగలు దగ్గర్లోనే పట్టు పెడతాయి. చేతికందేటంత కింద."

"పెడితే?"

"తమరు పెద్ద మనసు చేసుకుని ఆ పట్టు దించుతారు."

జుంటిరాయుడు పెదాలు నాకి, "మరి ముసల్దో?" అన్నాడు.

"వెళ్ళగొడితే మనకు చెడ్డపేరు. దాని ఆరోగ్యం కోసమని చెప్పి ఆకంతా పీకిస్తే మంచిపేరు. పీకడం ఒకటే, పేరే తేడా."

అలా పుట్టింది తాబేళ్ళ ఆరోగ్య పథకం. దిబ్బ మీద తాబేళ్ళకు హాని చేసే మొక్కలేవో, మేలు చేసే మొక్కలేవో తేల్చాలని సభ కూడింది.

"రుచి చూసి తేల్చాలా?" అంది ఒక ముంగిస.

"నేను ఆకులు తినను," అన్నాడు జుంటిరాయుడు.

"నేను అన్ని ఆకులూ తింటాను. నాకు తేడా తెలియదు," అన్నాడు గడ్డప్ప. "కాబట్టి ఇద్దరం నిష్పాక్షికులం. పేరు చూసి తేలుద్దాం. పేరులో గుణం ఉండకుండా పెద్దలు పేరు పెడతారా?"

సభకు అది చాలా శాస్త్రీయంగా వినిపించింది.

"గలిజేరు," అని చదివాడు గడ్డప్ప. ముక్కు మూసుకున్నాడు. "పేరులోనే గలీజు ఉంది. కలుపు."

"గడ్డిచామంతి?"

"గడ్డి తిన్న చామంతి. కులీన చామంతి కాదు. కలుపు."

"గరిక?"

"గర్వం, గరుకుదనం రెండూ ఉన్నాయి. కలుపు. ఇక పొదల దగ్గరికి రండి. వయ్యారిభామ! ఆహా. ఆ పేరు వింటేనే ఒళ్ళు పులకరిస్తుంది. మేలు."

"పులకరించదు నాయనా, దురద పుడుతుంది," అంది వెనక నుంచి మాచమ్మ.

గడ్డప్ప విననట్టు నటించాడు. "తలంబ్రాల పొద. శుభప్రదం. మేలు. ఉమ్మెత్త. చూడండి, చివర్న 'మెత్త' అని ఎంత మృదువుగా ఉందో. పళ్ళు లేని తాబేళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? మేలు. గన్నేరు. పేరులో ఏరు పారుతోంది. మేలు."

మాచమ్మ దేక్కుంటూ సభ మధ్యకు వచ్చింది. ఆమె వచ్చేసరికి రెండు ఉపన్యాసాలు అయిపోయాయి.

"ఒరే గడ్డప్పా, నీ గడ్డం చూసి పెద్దవాడివనుకున్నాను. ఉమ్మెత్త తింటే మెదడు మెత్తబడుతుందిరా, మేత కాదు. గన్నేరు గురించి చెప్పడానికి తిన్నవాడెవడూ మిగల్లేదు. మా మేత మాకు తెలుసు. గరిక, గడ్డిచామంతి, వెన్నదేవి కూర కడుపునిండా తింటాం. గలిజేరు, పాయలాకు మంచివే గానీ మితంగా, రోజూ అదే పనిగా కాదు. పులిచింత నోటికి పులుపు కోసం ఒక కొరుకు, అంతే. మందారం పువ్వు రాలిపడితే ఆ పూట పండగ."

"చూశారా!" అన్నాడు గడ్డప్ప. "గలిజేరు మంచిదే అంటుంది, మళ్ళీ రోజూ వద్దంటుంది. ఒక మాట మీద నిలబడదు. ఏమ్మా, మంచిదా కాదా? అవును, కాదు, అంతే. మండలికి మూడో జవాబు వినే అధికారం లేదు."

"అన్నం మంచిదే. బస్తాడు తింటావా?"

"నేను బస్తా కూడా తింటాను," అన్నాడు గడ్డప్ప. సభ చప్పట్లు కొట్టింది. తీర్మానం నెగ్గింది.

దిబ్బ మీది కలుపు తీసెయ్యాలి. మేలురకం ఆకుతో ఏరువాక పున్నమి నాడు తాబేళ్ళకు మధ్యాహ్న మేత పెట్టాలి. ఆ తర్వాత దిబ్బంతా మేలు పొదలు నాటాలి. ప్రారంభోత్సవం కాబట్టి మండలి పెద్దలకు కూడా అక్కడే విందు. వాళ్ళకు మాత్రం పనసతొనలు. పనంతా ముట్టెప్ప అనే అడవిపందికి గుత్తకిచ్చారు. ముట్టెప్ప జుంటిరాయుడి బావమరిదికి స్నేహితుడు. ఆ పనికి అంతకన్నా అర్హత ఎవరూ అడగలేదు.

ఇక తీర్మానం అడవంతా చాటాలి. చాటింపు ఉద్యోగం రామచిలకది. దాని బుర్రలో ఒకసారికి రెండు మాటలే నిలుస్తాయి. అందుకే గడ్డప్ప తీర్మానాన్ని పొట్టిది చేసి నేర్పాడు. కలుపు అంటే పీకెయ్యాలని వేరే చెప్పాలా అని ఆ ముక్క వదిలేశాడు.

చిలక కొమ్మ కొమ్మకూ తిరిగి అరిచింది: "గలిజేరు కలుపు! గరిక కలుపు! గడ్డిచామంతి కలుపు! ఉమ్మెత్త మేలు! వయ్యారిభామ మేలు! తలంబ్రాల పొద మేలు! గన్నేరు మేలు!"

ముట్టెప్ప కొడుకు బురదలోంచి లేచాడు. "నాయనా, కలుపంటే ఏంది?"

"కలపమని. చెవులా చేటలా అవి? గలిజేరు కలుపు, గరిక కలుపు అని అంత గొంతు చించుకుంటుంటే!"

"దేంట్లో కలపాలి?"

"తాబేళ్ళ మేతలో. పథకం వాళ్ళదే గదా."

"మరి మేలు అన్నది?"

"మేలురకం ఎప్పుడన్నా బీదోళ్ళ ఆకులో పడిందట్రా? అది పెద్దోళ్ళకి."

"పెద్దోళ్ళకి పనసతొనలన్నారే?"

"పనసతొనలు దారిలో చెడిపోయినై," అన్నాడు ముట్టెప్ప, ఆఖరి తొన నములుతూ.

పందులు దిబ్బెక్కాయి. కలపడానికి ఎంత కావాలో అంత ఆకు తుంచుకుని దిగాయి. వేళ్ళు పీకమని వాళ్ళకెవరూ చెప్పలేదు. తర్వాత పొదల్లోకి పోయి ఉమ్మెత్త, వయ్యారిభామ, తలంబ్రాల ఆకు కోశాయి. గన్నేరు కొమ్మలు ఎత్తులో ఉన్నాయి, అందుకోవడానికి బద్ధకించి వదిలేశాయి. ఈ కథలో ఎవరూ చావకపోవడానికి ఆ బద్ధకమే కారణం. అడవిలో చాలామంది ప్రాణాలు ఇలాగే నిలుస్తున్నాయి.

ఏరువాక పున్నమి వచ్చింది. మాచమ్మ మనవలను వరసగా కూర్చోబెట్టింది.

"ఏం పెట్టినా ముట్టొద్దు. నేను దగ్గగానే తలలు లోపలికి."

"ఆకలేస్తే?" అన్నాడు చిట్టచివరి మనవడు.

"లోపల ఏడు. బయట ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది, ఎవడన్నా ఆకు పెడతాడు."

తొట్టి వచ్చింది. మాచమ్మ దగ్గింది. తలలన్నీ లోపలికి పోయాయి. ఆమె మాత్రం ముక్కు చాచి, భయపడుతూ వాసన చూసింది. మళ్ళీ చూసింది. లేత గరిక. గడ్డిచామంతి. అక్కడక్కడా నాలుగు గలిజేరు రెమ్మలు. సరిగ్గా ఆమె చేత్తో ఏరి పెట్టినట్టే ఉంది.

"బయటికి రండర్రా," అంది నమ్మలేని గొంతుతో. "మనింటి కూరే."

అప్పుడు చూసింది పెద్దల వైపు. జుంటిరాయుడి ముందు టేకాకులో ఉమ్మెత్త గుట్టగా ఉంది. పైన అలంకారానికి వయ్యారిభామ పూలు.

మాచమ్మకు ఒక్క క్షణం నోరు మూసుకోవాలనే అనిపించింది. కానీ ఆ నోరు ఎప్పుడు మూతపడింది గనక!

"ఒరే జుంటీ! ఆ ఆకు నోట పెట్టకు. నీకు పుణ్యముంటుంది, అవతల పారెయ్!"

జుంటిరాయుడికి పనసతొనలు రాలేదని అప్పటికే కోపంగా ఉంది. ఆ మాటతో పౌరుషం కూడా వచ్చింది. "చూశారా కుళ్ళు! ఆరోగ్యం తన పళ్ళెంలో కాకుండా నా పళ్ళెంలో పడేసరికి ఓర్చుకోలేకపోతోంది," అని గుప్పెడు మింగాడు. ఆకులు తిననివాడు మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. అధ్యక్షుడు తిన్నాక మిగతావాళ్ళు మానతారా? గడ్డప్ప టేకాకుతో సహా తిన్నాడు.

పొద్దు వాలకముందే మేలు పని మొదలుపెట్టింది.

ముందు జుంటిరాయుడికి నోరు ఎండింది. తర్వాత దురద. వీపు గోక్కున్నాడు, పొట్ట గోక్కున్నాడు, గోక్కోవడానికి చోటు చాలక ముంగిసను గోకాడు. కళ్ళు సొరకాయ గింజల్లా తేలాయి. దారిన పోయే ముళ్ళపందిని చూసి "ఎంత పెద్ద తేనెపట్టు!" అని రెండు చేతులా కావిలించుకున్నాడు.

గడ్డప్పకు ఇనుపకడుపని అడవంతా పేరు. ఆ రోజుతో అదీ పోయింది. చెట్టు చెట్టుకూ తన బొమ్మతో గోడపత్రికలు అంటించినట్టు కనిపించాయి. తన బొమ్మనే తినాలా, దండం పెట్టాలా తేలక రెండూ చేశాడు. బెరడు నమిలీ నమిలీ తెల్లారేసరికి నాలుక తోటకూర కాడలా వేలాడింది.

తాబేళ్ళు మాత్రం కడుపునిండా తిని, ఎండలో డిప్పలు కాచుకుని, హాయిగా నిద్రపోయాయి.

పెద్దలు కోలుకున్నాక విచారణ సంఘం వేశారు. దానికీ జుంటిరాయుడే అధ్యక్షుడు. దెబ్బతిన్నవాడికన్నా బాగా తీర్పు చెప్పగలవాడెవడు అన్నారు. పొట్టలో ముళ్ళు ఇంకా పూర్తిగా ఊడలేదు, కూర్చుంటే గుచ్చుకుంటాయి గనక నిలబడే విచారణ జరిపాడు.

ముట్టెప్పను అడిగారు. "చిలక చెప్పిందే చేశాను," అన్నాడు. చిలకను అడిగారు. "గడ్డప్ప మేలు! గడ్డప్ప మేలు!" అంది. అది కొత్తగా నేర్చుకున్న మాట, ఎవరు నేర్పారో వేరే చెప్పక్కర్లేదు. దాంతో గడ్డప్ప నిర్దోషి అయ్యాడు.

అతనే లేచి గొంతు సవరించుకున్నాడు. "అధ్యక్షా, మండలి ఏది మేలో తేల్చింది. మండలి పొరపాటు పడదు. మేలు తిన్నవాళ్ళకి మేలు జరగాలి. కానీ జరగలేదు. అదే వేళకు కలుపు తిన్న తాబేళ్ళకు మేలు జరిగింది. దీన్నిబట్టి ఏం తేలింది? మనకు రావలసిన మేలును తాబేళ్ళు కాజేశాయి!"

"దొంగతనం!" అని గోక్కుంటూ అరిచాడు జుంటిరాయుడు.

మాచమ్మ ఏదో అనబోయింది. ఈలోగా జుంటిరాయుడు తీర్పు చెప్పేశాడు.

"మేలు దొంగిలించిన నేరానికి మాచమ్మ తన జీవితాంతం ఆ దిబ్బ మీదే పడి ఉండాలి. కలుపు తప్ప మరేమీ తినరాదు. మేలురకం పొద ఒక్కటి కూడా ఆ చుట్టుపక్కల నాటరాదు. మండలి పెద్దలెవరూ అటువైపు తొంగి చూడరాదు."

మాచమ్మ తల గబుక్కున డిప్పలోకి లాక్కుంది. డిప్ప గడగడా ఊగింది.

"పశ్చాత్తాపంతో కుమిలిపోతోంది పాపం," అంది ముంగిస.

"ఏడవకమ్మా," అన్నాడు జుంటిరాయుడు జాలిపడి. "ఉరిశిక్ష కాదు గదా."

డిప్పలోంచి సన్నగా గొంతు వినిపించింది. "నా సంగతి సరే నాయనా. పసివాళ్ళు, వాళ్ళనైనా వదిలెయ్యకూడదూ?"

"వదలం!" అని ఎగిరి గంతేశాడు గడ్డప్ప. "వాళ్ళకూ అదే శిక్ష. వాళ్ళ పిల్లలకూ, పిల్లల పిల్లలకూ. వంశపారంపర్యంగా!"

"అబ్బా, అంత కఠినమా," అంది డిప్ప, ఇంకా ఊగుతూనే.

ఆ అడవిలో వంశపారంపర్యంగా భూమి మీద హక్కు దక్కిన జంతువు అంతకు ముందు ఒక్కటీ లేదు.

నీతి: పెద్దలను న్యాయం అడిగితే సంఘం వేస్తారు, శిక్షయితే అడక్కపోయినా తరతరాలకూ రాసిస్తారు; అడవి మేత మండలి రాసిచ్చింది జ్యేష్ఠ బహుళ దశమి, గురువారం నాడు.