నడిసంద్రంలో నాలుగు గీతల సిగ్నల్

సముద్రంలోకి చేపల వేటకు వెళ్లేవాడు గాలం మరిచిపోయినా ఫర్వాలేదు, ఫోన్ మాత్రం మరిచిపోకూడదు! ఈ మాట ఊరికే అనడం లేదు. భూమికి ఉత్తరపు కొసనున్న ఈ ఫిన్‌మార్క్ తీరంలో పుట్టి, చలికి వణుకుతూ, కాడ్ చేపలు తింటూ పెరిగినవాడిగా అనుభవం మీద చెబుతున్నాను.

మా నాన్న రోజుల్లో ఏముండేది చెప్పండి? తెల్లారగట్ల పడవెక్కితే చీకటి పడేదాకా మనిషి జాడ తెలిసేది కాదు. పడవలో ముగ్గురుంటే ముగ్గురూ నోరు విప్పేవారు కాదు. నీళ్ల చప్పుడు వినాలి, పక్షులు ఎటు వాలుతున్నాయో చూడాలి, గాలి ఎప్పుడు తిరుగుతుందో కనిపెట్టాలి. ఎంత విసుగు! పాపం, తప్పించుకునే దారి లేక వాళ్లంతా చేపలు పట్టుకుంటూ కూర్చున్నారు.

ఒడ్డున అమ్మ బతుకూ అంతే. కిటికీ దగ్గర నిలబడి, మా పడవ కొండ మలుపు తిరిగి కనిపించగానే బంగాళాదుంపలు పొయ్యి మీద పెట్టేది. పడవ రేవుకు చేరి, చేప ఇంటికి వచ్చేసరికి దుంపలు ఉడికి ఉండాలి. మా తీరంలో ఏ ఇంట్లో చూసినా ఇదే గడియారం.

ఇప్పుడు మా ఆవిడకు ఆ కిటికీ బాధ లేదు. తన ఫోన్‌లో నేనొక నీలం చుక్కనై కదులుతూ ఉంటాను. మొన్నామధ్య ఆ చుక్క పక్క ఊరి రేవులో, బీరు కొట్టు దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ఇంజన్ చెడిపోయిందని చెప్పాను. "ఇంజన్ చెడిపోతే చుక్క బల్ల దగ్గర్నుంచి కౌంటర్ దాకా ఎలా నడిచింది?" అని అడిగింది. కాపురంలో ఇంత పారదర్శకత మా నాన్నకు దక్కిందా? మీరే చెప్పండి.

ఇంకా అనుమానం ఉన్నవాళ్ల కోసం మొన్న ఫిబ్రవరిలో మేం ముగ్గురు స్నేహితులం వెళ్లిన వేట సంగతి చెబుతాను.

పడవ ఐలిఫ్‌ది. బడి బస్సు నడుపుతాడు. వాడి నోట్లో నువ్వుగింజ నానదని చిన్నప్పటి నుంచీ పేరు. అప్పట్లో ఊరంతా తిరిగి చెప్పాల్సి వచ్చేది, కాళ్లు నొప్పులు పుట్టేవి. ఇప్పుడు ఫోన్ వచ్చి వాడి కాళ్లకు విశ్రాంతినిచ్చింది. రెండోవాడు టోర్గేర్. నీళ్ల కింద చేపలున్నాయో లేవో చూపించే యాప్ కొన్నాడు. ఆ తెర మీద కనిపించని చేపను వాడు చేపగా ఒప్పుకోడు. మూడోవాణ్ని నేను. నా సంగతి మీకు తెలిసిందే.

అసలు ఈ వేట మా ముగ్గురి కోసం కాదు. మా పక్కింటి గుడ్వేగ్ అత్త కోసం. ఎనభై దాటిన మనిషి. శరదృతువులో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పట్నం ఆస్పత్రిలో నెలల తరబడి పడుకుని, పలకల్లా కోసిన రుచీ పచీ లేని చేప తిని తిని చిక్కి సగమై ఇంటికొచ్చింది. వచ్చిన రోజునే నన్ను పిలిపించింది.

"ఒరే ఇంగ్వాల్డ్, నాకు ఈ ఏడాది కాడ్ చేప కావాలిరా. కార్జం, గుడ్లు, అన్నీ కలిపి ఉడకేసుకుని దుంపలతో తింటాను. ఒక్క చేప చాలు. మళ్లీ ఏటికి ఉంటానో లేదో."

"అలా అనకత్తా. రేపే తెస్తాం."

మా దగ్గర సముద్రానికి వెళ్లినవాడు ఇరుగుపొరుగు ముసలివాళ్లకు ఒక పూట కూరకు చేప ఇవ్వకుండా ఇంటికి పోడు. దాన్ని దానం అనరు, ధర్మం అనరు. అసలు ఏమీ అనరు, ఇచ్చేస్తారంతే. కానీ అత్త ఊరికే అడిగే మనిషి కాదు. బదులుగా తన దగ్గరున్నది నాకిచ్చింది. గురుతు ఇచ్చింది!

గురుతంటే తెలియని పాఠకుల కోసం ఒక ముక్క. సముద్రంలో చేపలుండే చోటికి బోర్డులుండవు. ఒడ్డు మీద రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పడవ నిలపాలి. ఇంకో పక్కన ఇంకో రెండు. ఆ రెండు చూపులూ కలిసిన చోట గాలం దించాలి. మావాళ్లు ఉన్న ఇల్లైనా రాసిచ్చేస్తారు గానీ గురుతు చెప్పరు. గుడ్వేగ్ అత్త మొగుడు హల్వార్, చావు మంచం మీద కూడా తమ్ముడు ఓస్మున్‌కు చెప్పలేదు. ఓస్మున్ చేతులు పట్టుకుని బతిమాలితే, మంచినీళ్లు అడిగి, తాగి, కళ్లు మూసుకున్నాడు. అత్తకైనా పెళ్లయి ఇద్దరికీ జుట్టు నెరిశాకే చెప్పాడట.

"తలుపేశావా?" అంది అత్త.

"వేశాను."

"చర్చి గోపురం వచ్చి ఎర్ర గిడ్డంగి కప్పు కొన మీద కూర్చోవాలి. ఇటు చూస్తే కాకుల దిబ్బ అంచు, కొండ చీలికను తాకీ తాకనట్టుండాలి. అక్కడ వెయ్యి గాలం. ఎవరికీ చెప్పకు. ఆ ఐలిఫ్ గాడికి అసలు చెప్పకు."

"పడవ వాడిదే అత్తా."

"ఖర్మ!" అని కాసేపు కళ్లు మూసుకుంది. "సరే, చేప మాత్రం మరిచిపోకు. కిటికీ దగ్గరే ఉంటాను."

ఇంత రహస్యాన్ని పత్రికలో రాసేస్తున్నావేమిటని అడుగుతారేమో. రాయవచ్చు. ఎందుకో మీకే తెలుస్తుంది.

మర్నాడు బయల్దేరాం. చలి గురించి చెప్పను, చెబితే మీకూ వేస్తుంది. గోపురం గిడ్డంగి మీదికి వచ్చింది, దిబ్బ చీలిక దగ్గరికి వచ్చింది, ఇంజన్ ఆపాం. ఐలిఫ్ గుండె మీద చెయ్యేసుకుని, "ఇదిగో, లొకేషన్ ఆఫ్ చేశాను, కళ్లారా చూసుకోండి. అత్త గురుతు నా ప్రాణంతో సమానం రా!" అన్నాడు. చూశాం. నిజంగానే ఆఫ్ చేశాడు.

ఈలోగా చలికి టోర్గేర్ ఫోన్ ప్రాణం వదిలింది. దాన్ని చొక్కా లోపల చంకలో పెట్టుకుని, కోడిపెట్టలా కూర్చున్నాడు. "ఇది బతికితే గానీ కింద చేపలున్నాయో లేదో తెలీదు, గాలం వెయ్యకు," అన్నాడు. నా ఫోన్ మాత్రం చక్కగా పనిచేస్తోంది. పళ్ల డాక్టర్ దగ్గర్నుంచి గుర్తుచేసే సందేశం వచ్చింది. పాలు తెమ్మని ఇంటి నుంచి వచ్చింది. నడిసంద్రంలో ఉన్నవాణ్ని పాలు తెమ్మని అడగగలిగే రోజులు వస్తాయని మన పూర్వీకులు కలనైనా కన్నారా?

సరిగ్గా ఆ పాల సందేశానికి జవాబు రాస్తుండగా గాలం బరువెక్కింది!

అబ్బ, ఏం చేప అది! చేతులు పడిపోయేలా లాగితే పైకొచ్చింది. నిండు చూలాలి పొట్ట, లోపలన్నీ గుడ్లే. చూడగానే నాకు గుడ్వేగ్ అత్త మొహమే కళ్లముందు మెదిలింది. చేప పడవలో పడగానే పీక కోసి రక్తం వదిలించాలి, అది మా తీరంలో చంటిపిల్లలకూ తెలుసు. కత్తి తీశాను.

"ఆగాగు! కోయకు!" ఐలిఫ్ అరిచాడు. "రక్తం కనబడితే ఫోటో బాగోదు. జనం మొహం చిట్లిస్తారు."

"జనమెవర్రా ఇక్కడ?"

"నీకు తెలీదులే. మోకాలి మీద కూర్చో. చేప ముందుకు చాచు. ఇంకా ముందుకు, అప్పుడే పెద్దగా కనిపిస్తుంది."

"ఉన్నదే పెద్దదిరా, చేతులూడిపోతున్నాయి!"

"నవ్వు. పళ్లు కనబడేలా నవ్వరా, పీనుగ మొహమూ నువ్వూ!"

పన్నెండు ఫోటోలు పడ్డాయి. అప్పుడు టోర్గేర్ చంకలో ఫోన్ ప్రాణం పోసుకుంది. "నాకూ ఒకటి," అంటూ చేప అందుకున్నాడు. చేప చేతులు మారింది, వెలుగు బాగోలేదని పడవ తిప్పారు, టోపీ బాగోలేదని టోపీ మార్చారు. చేప మాత్రం ఎంతసేపని ఓపిక పడుతుంది? ఒక్క విదిలింపు విదిల్చి, అంచు దాటి, నీళ్లలోకి పోయింది.

ముగ్గురం నీళ్లకేసి చూస్తూ ఉండిపోయాం. అప్పుడు ఐలిఫ్, "దొరికిందిరా!" అని కేక వేశాడు.

"చేపా?" అన్నాను ఆశగా.

"కాదు, ఫోటో! దూకేటప్పుడు పడింది. నీటి తుంపరలతో సహా!"

తుంపరలతో సహా తీసిన ఫోటోలన్నీ అప్పుడే ఊరికి పంపేశాడు. నేను మళ్లీ గాలం దించాను. ఇంకో చేప పడకపోతుందా అని నా ధైర్యం. దించిన గాలం అడుగు తగిలిందో లేదో, కొండ మలుపు వైపు నుంచి ఇంజన్ చప్పుడు. ఒక పడవ. దాని వెనక రెండు. ఆ వెనక వరసగా, పెళ్లివారి బండ్లలా! అందరూ తిన్నగా మా దగ్గరికే వస్తున్నారు.

మొదటి పడవలో ఓస్మున్, హల్వార్ తమ్ముడు. ముసలాయన మొహం వెలిగిపోతోంది. "ఎర్ర గిడ్డంగట్రా! ముప్పై ఏళ్లు వెతికాను. నేను పచ్చ గిడ్డంగి అనుకున్నాను!"

"లొకేషన్ ఆఫ్ చేశానే!" అన్నాడు ఐలిఫ్ బిక్కమొహం వేసి.

నేను వాడి ఫోన్ లాక్కుని చూశాను. ఫోటోలో నేను నవ్వుతున్నాను. నా భుజం వెనక ఎర్ర గిడ్డంగి. గిడ్డంగి కొన మీద, మేకు కొట్టినట్టు నిటారుగా, చర్చి గోపురం! రెండో ఫోటోలో టోర్గేర్ చెవి పక్కన కాకుల దిబ్బ, చీలికను తాకీ తాకనట్టు. పరాయి ఊరివాడు చూస్తే చేపను చూస్తాడు. మా ఊళ్లో పుట్టినవాడు ఎవడైనా చేపను చూస్తాడా? వెనక కొండల్ని చూస్తాడు. ఇంత చిన్న సంగతి ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు.

అయినా నేను ఫోన్‌ను తప్పుపట్టను. ఎప్పుడూ బోసిగా ఉండే సముద్రం ఆ పూట జాతరలా కళకళలాడింది! పక్క పడవవాళ్లు మాకు వేడి వేడి వాఫుల్స్, అదే తీపి అట్లు, అందించారు. వాటి మీద తియ్యటి బ్రౌన్ చీజ్ కూడా పెట్టారు. అందరి గాలాలూ ఒకదానికొకటి చిక్కుపడ్డాయి, అవి విడదీసుకుంటూ ఎన్నాళ్లుగానో మాటల్లేని అన్నదమ్ములు కూడా తిట్టుకున్నారు. అంటే మాటలు కలిసినట్టే కదా! చేప తోకైనా ఒక్కరికీ దొరకలేదు. వెలుగు పోయేదాకా ఉండి, అందరం అందరినీ ఫోటోలు తీసుకుని తిరిగొచ్చాం.

మలుపు తిరుగుతుంటే అత్త కిటికీలో దీపం కనిపించింది. దుంపలు ఇప్పుడే పొయ్యి మీద పెడుతుందని ముగ్గురికీ తెలుసు.

లోపలికి వెళ్లాం. బల్ల మీద నలుగురికి పళ్లాలున్నాయి. మాకూ కలిపి పెట్టింది, పిచ్చి తల్లి. పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఉప్పునీళ్లు మరుగుతున్నాయి. కర్ర మీద ఆనుకుని నిలబడి, మొహమంతా నవ్వుతో చెయ్యి చాచింది.

"నువ్వు చేప పట్టుకున్న ఫోటో మధ్యాహ్నమే చూశానురా, మా అక్క కూతురు ఫోన్లో పంపింది. బంగారంలాంటి చేప! ఏదీ, ఇలా ఇవ్వండి."

ఎవరం కదల్లేదు. చెయ్యి అలాగే చాచి ఉంచింది. మా చేతులు చూసింది, గుమ్మం అవతల ఏమైనా పెట్టామేమోనని తొంగిచూసింది. చివరికి చెయ్యి దించేసింది.

ఐలిఫ్ ఏం చేయాలో తోచక ఫోన్ తీసి చూపించాడు. "దూకేటప్పుడు పడింది అత్తా... తుంపరలు..."

అత్త ఫోన్ అందుకుని, కళ్లద్దాలు సవరించుకుని, తీరిగ్గా చూసింది.

"గోపురం స్పష్టంగా పడింది," అంది. "గిడ్డంగి కూడా. ఇందులో కార్జం ఏ పక్కనుంటుందిరా? నాకు కనపడ్డం లేదు."

ఐలిఫ్ ఏడ్చేశాడు. అంత మనిషి, బస్సు డ్రైవరు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త వాణ్ని తిట్టలేదు. ముగ్గుర్నీ కూర్చోమని దుంపలు వడ్డించింది, ఉప్పు జరిపింది. తనూ కూర్చుని తోలు ఒలుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అంది:

"మా ఆయన ఇంకో గురుతు కూడా చెప్పాడు. దీనికంటే మంచిది. అది నాతోనే పోతుందిలే."

ఆ తర్వాత చేప తెచ్చానో లేదో అడుగుతారు. తెచ్చాను. వారం తిరక్కముందే, ఫోన్ ఇంట్లో పారేసి, ఒక్కణ్నే పోయి, ఎక్కడో మామూలు చోట ఒక చిన్న కాడ్ పట్టి తెచ్చి ఇచ్చాను. ఉడకేసుకుని తింది, బాగుందంది. రోజూ పొద్దున్నే వెళ్లి పొయ్యిలోకి కట్టెలు పెట్టి వస్తున్నాను. కాఫీ పోస్తుంది. తుంటి నొప్పి గురించి, మంచు గురించి, మా ఆవిడ గురించి అడుగుతుంది. సముద్రం ఊసు మాత్రం ఎత్తదు. నేనెత్తినా వినపడనట్టే ఉంటుంది.

ఇదీ ఫోన్ వల్ల నాకు కలిగిన మహోపకారం! ఒక మనిషి మిమ్మల్ని నమ్మి, తలుపేయించి, దగ్గరికి పిలిచి ఒక మాట చెబితే, అది బతికున్నన్నాళ్లూ మోయడం ఎంత బరువో మీకు తెలియదు. ఆ బరువు నాకిప్పుడు లేదు. ఇక నాకెవరూ ఏమీ చెప్పరు. వరమంటే ఇది కాక ఇంకేమిటండీ!