బ్రేకు పాఠం

1984 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున వెంకట్రాజం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి లేవాలి, ఏడింటికల్లా హనుమకొండ మైదానంలో స్కూటరు నేర్చుకోవాలి, పదింటికి ఆఫీసులో సంతకం పెట్టాలి. నెలాఖరుకు లైసెన్సు తెచ్చి సారు బల్ల మీద పెడితే గండం గట్టెక్కినట్టే. పెద్ద పెద్ద పథకాలు వేసుకున్న వాళ్లను వదిలేసి, దేవుడు ఇలాంటి చిన్న పథకాల వాళ్ల వెంటే ఎందుకు పడతాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వెంకట్రాజం విత్తనాల ఆఫీసులో గుమాస్తా. నలభై రెండేళ్లు వచ్చినా సైకిలు దిగలేదు. కిందటి వారం పై అధికారి వీరభద్రం పిలిచి మాట తేల్చేశాడు.

"దుకాన్లు తనిఖీ చేసేటోనికి బండి రావాలె వెంకట్రాజం. నెలాఖరుకు లైసెన్సు తెస్తే ఈ సీట్లనే ఉంటవు. తేకుంటే ఏటూరునాగారంల ఖాళీ ఉన్నది, ఆడికి పోతవు."

వెంకట్రాజానికి అడవంటే భయం లేదు. భయమంతా భార్య సరస్వతి ఊపిరి గురించే. ఆమెకు ఉబ్బసం. నెలకు ఒకటి రెండు సార్లు ఆయాసం ముదిరి, పెదవులు నల్లబడి, మాట రాకుండా పోయేది. అప్పుడు రిక్షాలో వేసుకొని దవాఖానకు పరుగెత్తితే సూది వేసేవాళ్లు. ఇంటి నుంచి దవాఖానకు రిక్షాలో పది నిమిషాలు. ఏటూరునాగారం నుంచి బస్సులో నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు సరస్వతి దగ్గర లేవని డాక్టరు విప్పి చెప్పకపోయినా ఇద్దరికీ తెలుసు.

మైదానంలో స్కూటరు నేర్పే మనిషి పేరు సారంగపాణి. మెడలో ఎర్ర మఫ్లరు, చంకలో తోలుసంచి. అతని బండికి ముందు బ్రేకు తీగ ఎప్పుడో తెగిపోయింది. వెనక బ్రేకు పెడలు కింద ఒక టేకు చెక్కముక్క బిగించి, ఇనుప తీగతో చుట్టేశాడు. ఎంత తొక్కినా కిందికి దిగదు. బండి ఆపాలంటే మైదానం మూల ఉన్న ఇసుక కుప్పలోకి పోయి గుద్దుకోవాలి.

"ఇదేంది సార్, బ్రేకుకు కట్టు కట్టిన్రు?" అని మొదటి రోజే అడిగాడు వెంకట్రాజం.

"బ్రేకు ఆఖరు పాఠం తమ్మీ. ముందు నువ్వు మా పరివారంల చేరాలె." సారంగపాణి సంచిలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. దాని మీద 'ఆయుర్బల చూర్ణం' అని రాసి ఉంది. "నువ్వు ఒక డబ్బా కొంటవు. నీ కింద నలుగురిని చేర్పిస్తవు. ఆ నలుగురు తలా నలుగురిని చేర్పిస్తరు. ఇగ నువ్వు పండుకున్నా నీ ఇంటికి పైసలు నడుసుకుంట వస్తయ్."

"నాకు పైసలద్దు సార్. లైసెన్సు గావాలె."

"రెండూ ఒకటే తొవ్వ. నువ్వు చేరితే కిక్కు కొట్టుడు నేర్పుత. మొదటి మనిషిని తెస్తే గేర్లు. రెండో మనిషికి మలుపుడు. మూడో మనిషికి హారను. నాలుగో మనిషిని తెచ్చిన్నాడు నా చేతులతోని ఆ చెక్క తీసి బ్రేకు నేర్పుత."

ఊళ్లో బండి నేర్పే మనిషి ఇంకొకడు ఉంటే వెంకట్రాజం అప్పుడే తిరిగి వచ్చేసేవాడు. ఉన్న ఇంకొకడు కిందటి నెలే సారంగపాణి పరివారంలో చేరి, బండి అమ్మేసి, డబ్బాలు మోస్తున్నాడు.

డబ్బా ఇంటికి వచ్చింది. సరస్వతి మూత తీసి, వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకుంది.

"పుట్నాల పిండి, బెల్లం. జర సొంఠి కలిపిండు. దీన్ని మందని అమ్ముతాండా?"

"నాకు తెల్వదా? బ్రేకు కోసం తెచ్చిన. నువ్వు గూడ నా కింద చేరరాదు? ఒక మనిషి తగ్గుతది."

"నా దమ్ము నాకు ఆటగాదు," అంది సరస్వతి. "మందుగానిదాన్ని మందని నేను సంతకం పెట్ట. మీరు గూడ ఎవ్వలకు రోగం తగ్గుతదని చెప్పకున్రి. ఒట్టు పెట్టున్రి."

వెంకట్రాజం ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు తొమ్మిది రోజులు నిలబడింది.

ఆ తొమ్మిది రోజుల్లో అతను పక్కింటి రిటైర్డు మాస్టారును, కిరాణా సేటును, ఆఫీసులో అటెండరు కొమురెల్లిని చేర్పించాడు. పిండి బాగుంటుంది, పాలల్లో కలుపుకోవచ్చు అని మాత్రమే చెప్పాడు. గేర్లు వచ్చాయి. మలుపుడు వచ్చింది. హారను పాఠం రెండు రోజులు సాగింది. అది కొట్టడంలో హనుమకొండ మొత్తానికి అతన్ని మించినవాడు లేడని సారంగపాణి మెచ్చుకున్నాడు. ఇక నాలుగో మనిషే కావాలి. లైసెన్సు పరీక్ష ఇరవై ఏడున. అప్పుడే, గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా, మరిపెడ అవతలి పల్లె నుంచి పెదనాయిన కట్టయ్య చనిపోయాడని కబురు వచ్చింది.

పని మీద పనిగా నాలుగో మనిషి దొరుకుతాడేమోనని దినానికి పోతూ వెంకట్రాజం చేతిసంచిలో ఒక డబ్బా వేసుకున్నాడు. చావింటికి పోతూ డబ్బా తీసుకుపోయినందుకు దారి పొడుగునా సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడ్డాడే కాని డబ్బా మాత్రం బయటికి తీయలేదు.

ఆ రోజు చేను గట్టున మోదుగ విస్తట్లో పిట్టకు పెట్టారు. అన్నం, కోడికూర, గారెలు, ముంతెడు కల్లు, కట్టయ్యకు ఇష్టమైన బీడీలు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాడు తృప్తిపడ్డట్టు. అది ముట్టేదాకా ఇంటివాళ్లు గాని వచ్చినవాళ్లు గాని మెతుకు ముట్టరు. కాకులు వచ్చాయి. తుమ్మ చెట్టు మీద వరసగా కూర్చుని విస్తరి వైపు చూశాయి. ఒక్కటి కూడా కిందికి దిగలేదు.

పన్నెండయింది. ఒంటిగంటయింది. కులపెద్ద ఎల్లస్వామి చేతులు జోడించి చెట్టుకు మొరపెట్టుకున్నాడు.

"కట్టన్నా, ఏం కోరిక మిగిలిందే? నీ పెండ్లాన్ని మంచిగ చూసుకుంటం. నీ చెలక అమ్మం. రా అన్నా, పిల్లగాండ్లు ఆకలితోని చస్తాన్రు."

కాకులు రాలేదు. రెండు గంటలకు ఎల్లస్వామికే కళ్లు తిరిగాయి. "ఎవలేం తెచ్చిన్రో అన్నీ పెట్టున్రి. ఏదో ఒకటి కోరతాండు," అని అందరి సంచులూ తానే కుమ్మరించాడు. వెంకట్రాజం సంచిలోంచి డబ్బా దొర్లింది. ఎల్లస్వామి మూత పీకి, పిండి విస్తట్లో పోసి వెనక్కి జరిగాడో లేదో, చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా దిగి పుట్నాల పిండిని కొట్టుకుంటూ తిన్నాయి.

కట్టయ్య భార్య మొగిలమ్మ గుండెలు బాదుకుంటూ లేచింది.

"ఏం డబ్బా బిడ్డా అది?"

"పిండి పెద్దమ్మా. ఒక తీరు... చూర్ణం."

"మందేనా బిడ్డా?" మొగిలమ్మ అతని రెండు చేతులూ పట్టుకుంది. "మీ పెదనాయిన దమ్ము ఎల్లక పోయిండు. ఒక్క గోలీ తెచ్చియ్యే మొగిలీ, దమ్ము ఎల్తలేదు అన్నడు. పొద్దున బండి కట్టి దవాఖానకు తోలుకపోతమన్నం. పొద్దునదాక ఉండలే. మందు కోసమే చెట్టు మీద కూసున్నడు. నువ్వు తెచ్చినవు బిడ్డా, నువ్వు తెచ్చినవు!"

వెంకట్రాజం నోరు తెరిచాడు. అది పుట్నాల పిండి అని చెప్పాలి. ఎదురుగా ముసలమ్మ ముఖంలో, అయిదు రోజుల తర్వాత, మొదటిసారి కాస్త వెలుగు కనిపిస్తోంది. చుట్టూ వంద కడుపులు మాడుతున్నాయి. సరస్వతికి పెట్టిన ఒట్టు గుర్తొచ్చింది. పరీక్ష తేదీ కూడా గుర్తొచ్చింది. అతను నోరు మూసుకున్నాడు. తన బతుకులో అంత నీచమైన పని ఇంకొకటి చేయలేదని ఆ క్షణాన్నే అతనికి తెలుసు.

"మందే పెద్దమ్మా," అన్నాడు.

బంతిలో కూర్చునేలోగా మొగిలమ్మ నాలుగో మనిషిగా వేలిముద్ర వేసింది. అన్నాలు తిని లేచేలోగా నలభై మంది ఆమె కింద చేరారు. చచ్చినవాడే దిగివచ్చి తిన్న మందు ఇంకే కొట్టులో దొరుకుతుంది? మర్నాటికి కబురు మరిపెడ చేరింది. బస్సు కండక్టరు యాకయ్య టికెట్ల సంచి పక్కనే డబ్బాల సంచి తగిలించుకున్నాడు. వారం తిరిగేసరికి మరిపెడ నుంచి వరంగల్ దాకా ఆ బస్సెక్కి డబ్బా కొనకుండా దిగిన మనిషి లేడు.

వెంకట్రాజం పరుగున మైదానానికి పోయాడు. "సార్, నాలుగో మనిషి అయింది. చెక్క తీయిన్రి."

సారంగపాణి తోలుసంచిలో డబ్బాలు సర్దుకుంటున్నాడు. "నువ్వు దేవుడివి తమ్మీ! మరిపెడల మీటింగు పెట్టిన. బస్సుకు టైమయింది."

"బ్రేకు పాఠం సార్?"

"ఫికర్ చెయ్యకు. వచ్చినంక నేర్పుత."

ఇరవై ఏడు దాకా రాలేదు. పరీక్ష పొద్దున సారంగపాణి భార్య బండి తాళం మాత్రం చేతికిచ్చింది. వెంకట్రాజం పట్టకారుతో అరగంట ఆ తీగతో కుస్తీ పట్టాడు. వేలు కోసుకుపోయింది గాని చెక్క కదల్లేదు.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు రామలింగం వేపచెట్టు నీడలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. "ఎనిమిది అంకె మీద తిరిగొచ్చి నా ముందర ఆపు," అన్నాడు.

వెంకట్రాజం ఎనిమిది బ్రహ్మాండంగా తిరిగాడు. ఆపాల్సిన చోట ఇసుక కుప్ప కోసం చూశాడు. లేదు. కంగారులో క్లచ్చు వదిలేసి, తనకు బాగా వచ్చిన ఒకే ఒక విద్య, హారను, గట్టిగా మోగించాడు. ఆ హారనే రామలింగాన్ని కాపాడింది. ఆయన పక్కకు దూకాడు, బండి బల్లను గుద్దింది, ఫైళ్లు గాల్లోకి లేచాయి. బండి పెట్టెలోంచి రేకు డబ్బా ఒకటి దొర్లి రామలింగం కాళ్ల దగ్గర ఆగింది.

వెంకట్రాజం కళ్లు మూసుకున్నాడు. మనసులోనే సరస్వతిని ఏటూరునాగారం బస్సులో కూర్చోబెట్టి చూశాడు. ఏడుపొచ్చింది.

రామలింగం డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "ఎవలయ్యా నువ్వు? మరిపెడ పిట్ట ముట్టింది నీ డబ్బానేనా?"

"అవున్సార్."

"నేను యాకయ్య కింద చేరిన. యాకయ్య పైన మొగిలమ్మ, ఆమె పైన నువ్వు! నువ్వు నాకు పెద్దదిక్కువయ్యా!" రామలింగం ఫైళ్ల మధ్య కలం వెతుక్కుని సంతకం పెట్టాడు. "బండి ఆగిందా లేదా?"

"బల్లకు తాకి ఆగింది సార్."

"ఆగింది గదా. పాస్."

లైసెన్సు జేబులో పెట్టుకుని వెంకట్రాజం ఆఫీసుకు నడిచే పోయాడు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులుంది. సరస్వతి ఊపిరి దక్కింది. పాపం చేసిన మాట నిజమే, కాని గట్టెక్కాడు. సాయంత్రం ఆమెకు అంతా చెప్పేసి, మొగిలమ్మ దగ్గరికి పోయి కాళ్లు పట్టుకోవాలని కూడా అనుకున్నాడు.

వీరభద్రం లైసెన్సును అటూ ఇటూ తిప్పి చూశాడు. లేచి వచ్చి వెంకట్రాజం భుజం మీద చెయ్యి వేశాడు. అంతకు ముందు ఎన్నడూ వెయ్యలేదు.

"కూసో. మా ఇంటామె కళావతి మరిపెడ బస్సుల డబ్బా కొన్నది. ఆమె పోరు పడలేక నేను గూడ చేరిన. వారం రోజులాయె, నా కింద ఒక్క పురుగు చేర్తలేదయ్యా. హన్మకొండంత తిరిగిన. ఎవల్ని అడిగినా, మేం ముందే చేరినం, మీరే మా కింద చేరున్రి అంటాన్రు."

"అయ్యో సార్."

"నీ తెలివి నాకిప్పుడు తెలిసింది. చావు దినంల నలభై మందిని చేర్పించినవంటే మాటలా?" బల్ల సొరుగులోంచి కాగితం తీశాడు. "ఏటూరునాగారంల ఇప్పటిదాక ఒక్కడు గూడ చేరలేదంట. ఆడ అందర్ని నా కింద రాయించు. లైసెన్సు గూడ వచ్చింది, ఊరూరు తిరగచ్చు. అడివిల పిట్టలకు గూడ కొదువ లేదు."

వెంకట్రాజం కాగితం చదివాడు. ఒకటో తారీఖు నుంచి ఏటూరునాగారం. "సార్, నా భార్యకు దమ్ము. ఆడ సూది ఏసేటోళ్లు..." అన్నాడు.

"దమ్ముకేనయ్యా ఆ మందు! నువ్వే గద చెప్పినవు?" అన్నాడు వీరభద్రం, నిజంగా ఆశ్చర్యపోయి.

సరస్వతి అంతా విని ఏడవలేదు, తిట్టలేదు. మాట్లాడితే ఆయాసం వస్తుందని కాబోలు, సామాను సర్దింది. బస్సెక్కేటప్పుడు మాత్రం, "అందుకే ఒట్టు పెట్టించుకున్న," అంది. అది ఎన్ని తిట్లకు సమానమో వెంకట్రాజం నాలుగు గంటలూ లెక్క పెడుతూనే ఉన్నాడు.

బస్సు కదిలే ముందు సారంగపాణి మఫ్లరు ఎగిరేలా పరుగెత్తుకొచ్చి, ఆ టేకు చెక్కముక్కను కిటికీలోంచి అందించాడు. "తీసిన తమ్మీ! నా బాకీ తీరిపోయింది. బ్రేకు పాఠం ఈసారి వచ్చినప్పుడు చెప్పుకుందం."

ఏటూరునాగారంలో అద్దె ఇంటి తలుపు గాలికి కొట్టుకుంటుంటే సరస్వతి ఆ చెక్కముక్కను దాని కింద దూర్చి పెట్టింది. సారంగపాణి చదువు మొత్తంలో దేన్నయినా ఆపగలిగింది అదొక్కటే.